నూతి మడి మీద రెక్క నాగలి

మొన్న మా దిబ్బ తోటలోకి ట్రాక్టరు వచ్చింది. కొబ్బరి వరసల మధ్య ఖాళీ దున్నించాలని మా వాళ్ళు పలాస నుంచి అద్దెకు పిలిపించారు. వెనక ఏ నాగలి తగిలించమంటారని వచ్చినవాడు అడిగాడు. పళ్ళ గొర్రు చాలని ఒకడన్నాడు. పళ్ళేల నాగలి అయితే గడ్డి వేళ్ళతో సహా తెగుతుందని ఇంకొకడు. రెక్క నాగలి పెడితే కింది మట్టి పైకి తిరగబడుతుంది, అదే మంచిదని మూడోవాడు. అరుగు మీద కూర్చున్న నేను రెక్క నాగలి వద్దన్నాను. ఎవరూ నా వైపు తిరగలేదు. గట్టిగా రెండోసారి అన్నాను. ముసలమ్మకు ట్రాక్టరు నాగళ్ళ సంగతి కూడా తెలుసేమోనని నవ్వుకున్నారు. తెలుసు. వాళ్ళింకా పుట్టకముందే తెలుసు. తెలిసి చెప్పినందుకు నాకు ఊళ్ళో దక్కిన పేరేమిటో కూడా ఇవాళ చెప్పేస్తాను. దాచిపెట్టి ఎవరికి మేలు చెయ్యాలి?

నేను పుట్టింది టెక్కలి దగ్గర వరి పండే ఊళ్ళో. వానాకాలంలో పొలంలో అడుగు పెడితే పిక్కల దాకా దిగబడే నల్లమట్టి మాది. నన్ను ఉద్దానంలో, సముద్రపు హోరు ఇంట్లోకి వినబడే ఊరికి ఇచ్చారు. గంజాం జిల్లా అంతా ఇంకా మద్రాసు కిందే ఉన్న రోజులు. ఊళ్ళో సగం మంది మగవాళ్ళు రంగం, అదే బర్మా, వెళ్ళి రావడమో, వెళ్ళే ఆలోచనలో ఉండడమో. ఉద్దానమంటే ఎటు చూసినా పచ్చటి తోటలని పెళ్ళి మాటలప్పుడు తెగ పొగిడారు. ఆ పచ్చదనమంతా కొబ్బరిచెట్ల తలకాయల్లోనే ఉంటుందని ఎవరూ చెప్పలేదు. తల దించితే ఇసక. ఇంట్లో ఇసక, పక్కబట్టల్లో ఇసక, గాలి కొట్టిన రోజు అన్నంలో ఇసక. కాపురానికి వచ్చిన కొత్తలో నాకు అత్తగారి మీద కంటే ఆ ఇసక మీదే ఎక్కువ కోపంగా ఉండేది.

ఇంటి వెనక నుయ్యి, నూతికి ఏతం, ఆ పక్కనే ఒక మడి. నూతి మడి అనేవాళ్ళు. పేరుకే మడి. నేను వెళ్ళేటప్పటికి అందులో నాలుగు వంగ మొక్కలు బతకలేక చావలేక నిలబడి ఉన్నాయి. ఏతం తొక్కి ఎన్ని నీళ్ళు పోసినా పోసినవి పోసినట్టే మాయమయ్యేవి. కాసేపటికి వచ్చి చూస్తే మొదట్లో తడి కూడా ఉండేది కాదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ నేలకి మట్టి అంటే ఏమిటో చూపిస్తానని పంతం పట్టాను.

ఊరికి పడమట గెడ్డ ఉంది. ఎండాకాలంలో అది ఎండిపోతే అడుగున నల్లటి ఒండ్రు పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. పొద్దున్నే పాచిపని అయ్యాక తట్ట పట్టుకుని వెళ్ళి ఆ పెచ్చులు నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చేదాన్ని. మోసి మడిలో పరిచి, దాని మీద పశువుల పెంట, పొయ్యి బూడిద, కుళ్ళిన కొబ్బరి పొట్టు వేసేదాన్ని. రేవులో చేపలు కోసే ఆడవాళ్ళను బతిమాలి, వాళ్ళు పారేసే తలకాయలూ పేగులూ కూడా తెచ్చి పూడ్చేదాన్ని. ఆ కంపుకి మా అత్తగారు ముక్కు మూసుకుని, కూడు తినడం కోసం కాక మట్టి మొయ్యడం కోసం పుట్టిన కోడల్ని తెచ్చుకున్నామని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. చెప్పుకోనీ అనుకున్నాను. పెద్దవాడు కడుపులో ఉన్నప్పుడు కూడా మోశాను. వేసవి తర్వాత వేసవి, గెడ్డ ఎండిన ప్రతిసారీ మోశాను. చుట్టకుదురు పెట్టుకున్నా నడినెత్తిన జుట్టు పలచబడిపోయింది. ఇప్పటికీ అక్కడ పలచనే.

మడి మారింది. పైన బెత్తెడు మందాన నల్లమట్టి పట్టింది. నీళ్ళు పోస్తే నిలబడి, నెమ్మదిగా దిగేవి. మిరప కాసింది, వంగ కాసింది, గట్టు చుట్టూ పసుపు లేచింది. కంద దుంప ఊరితే చేతులతో ఎత్తలేక గునపంతో పెకలించాం. జలంత్రకోట నుంచి వచ్చిన చుట్టాలు ఆ దుంపను చూసి, ఇది ఇసక నేలలో ఊరిందంటే నమ్మలేదు. మా అత్తగారు అప్పుడు మాత్రం ఇది మా మడి అంది. కంపు నాదీ, మడి వాళ్ళదీ.

దున్నేది మాత్రం కర్ర నాగలితోనే. ఇంట్లో ఉన్నది అదొక్కటే. కర్ర నాగలి నేలను గోకుతుంది, చీలుస్తుంది, అంతే. పైది పైనే ఉంటుంది, కిందిది కిందే ఉంటుంది. ఆ సంగతి అప్పట్లో నేను పెద్దగా ఆలోచించలేదు. ఆలోచించాల్సిన అవసరం మా బావగారు కల్పించాడు.

మా బావగారంటే మా ఆయనకు అన్న. మామగారు పోయాక ఇంటి పెత్తనం ఆయనదే. ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడే మనిషి. నవ్వుతూనే ఎదుటివాడి చేతిలోది తీసేసుకుంటాడు. ఇచ్చినవాడు కూడా తానే ఇచ్చాననుకుని సంతోషంగా వెళ్ళిపోతాడు. ఇంట్లో అందరికీ ఆయనంటే ముద్దు. నాకు మొదటినుంచీ గిట్టదు. నాకు గిట్టదని ఆయనకు తెలుసు.

ఒక ఏడాది ఆయన టెక్కలిలో ఇనుప నాగళ్ళు దున్ని చూపిస్తుంటే చూసి వచ్చాడు. వచ్చింది మొదలు అదే ధ్యాస. కర్రుకు పక్కన వంపు తిరిగిన ఇనుప రెక్క ఉంటుందట, అది మట్టిని కోసి ఎత్తి బోర్లా వేస్తుందట, ఒక్క చాలుకి మన నాగలి నాలుగు చాళ్ళ పని అట. చివరికి తెప్పించాడు. పలాస స్టేషనులో రైలు దిగిన నాగలిని బండి మీద ఊళ్ళోకి తెస్తే, కొత్త కోడలు వచ్చినంత మంది చూడ్డానికి వచ్చారు. పసుపు రాశారు, కుంకుమ పెట్టారు. పల్లంలో మాకు కొంచెం వరిచేను ఉంది. అక్కడ అది బాగానే దున్నింది. నేను కాదనను. బరువు నేలకి పుట్టిన నాగలి అది.

తర్వాత రెండు పంటలకు అన్నదమ్ములు వేరు పడాల్సి వచ్చింది. ఎవరు ఎవరిని ఏమన్నారో ఇప్పుడు తవ్వుకోవడం అనవసరం. రెండు పొయ్యిలు పెట్టాలని నేనే అన్నానని ఊళ్ళో చెప్పుకున్నారు. అన్నాను.

మా వైపు పద్ధతి ఏమిటంటే, పెద్దవాడు వాటాలు వెయ్యాలి, చిన్నవాడు కోరుకోవాలి. కోరుకునేవాడు తనకు నచ్చినది ఎంచుకుంటాడు గనక వేసేవాడు సమంగా వేస్తాడని పెట్టిన పద్ధతి. మంచి పద్ధతే. తమ్ముడు ఎలాంటివాడో అన్నకు తెలియనప్పుడు.

బావగారు వేసిన వాటాలు ఇవీ. ఇంట్లో తూర్పు సగం, వెనక నూతి మడి, కర్ర నాగలి ఒకటి. పడమటి సగం, సముద్రం వైపు దిబ్బ తోట, ఇనుప నాగలి రెండోది. పల్లపు వరిచేను చెరి సగం. దిబ్బ తోట కొలతకు పెద్దదే. ఉన్నవి ముదురు కొబ్బరిచెట్లు, ఇసక, ముళ్ళ కంప. ఈ వాటాల మాట మాకు ముందురోజే తెలిసింది. మా ఆయన అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని చెప్పాను.

"మావా, నాగలి సూడకు. మడి సూడు. నూతి మడి ఎటుంటే అటే సెయ్యెయ్యి."

అలాగే అన్నాడు. రెండోసారి అడిగినా అలాగే అన్నాడు.

మర్నాడు పెద్దమనుషులు రాకముందే బావగారు తమ్ముడిని పల్లంలోకి తీసుకెళ్ళాడు. ఎన్నడూ ఎవరినీ ముట్టనివ్వని ఇనుప నాగలి మేడిని ఆ పొద్దు మా ఆయన చేతికి ఇచ్చాడు. నాలుగు చాళ్ళు దున్నమన్నాడు. తడి నేల, మట్టి వెన్నలా తిరగబడి ఉంటుంది. మా ఆయన పిక్కల నిండా బురదతో, పెళ్ళికొడుకు ముఖం వేసుకుని తిరిగొచ్చాడు. ఆ ముఖం చూడగానే నాకు సంగతి అర్థమైపోయింది. ఒక్క మాట మాట్లాడదామంటే వీధరుగు నిండా మనుషులు.

ముంగిట్లో రెండు నాగళ్ళు నిలబెట్టారు, ఒక్కో వాటాకి గుర్తుగా ఒక్కోటి. ఏ నాగలి మీద చెయ్యి వేస్తే ఆ వాటా చిన్నవాడిది. ఆడవాళ్ళం తలుపు వెనక ఉన్నాం. మా తోటికోడలు, అంటే బావగారి భార్య, నా భుజం మీద చెయ్యి వేసి తొంగి చూస్తోంది. మా ఆయన నిజానికి కర్ర నాగలి వైపే రెండడుగులు వేశాడు. అప్పుడు బావగారు నెమ్మదిగా, ఎంతో ప్రేమగా ఒక మాట అన్నాడు.

"నీ ఇష్టమే తమ్ముడా. కర్ర నాగలే నీకు తేలిక. ఇనప నాగలి పట్టడం నీ వల్ల కాదేమోనని నాకూ బెంగగానే ఉంది."

అరుగు మీద ఎవడో నవ్వాడు. మా ఆయన తిరిగి వచ్చి ఇనుప నాగలి మేడి మీద చెయ్యి వేశాడు. పెద్దమనుషులు సరే అన్నారు. నేను మోసిన మట్టి అంత తేలిగ్గా వెళ్ళిపోయింది. తలుపు వెనక నేను ఎంత గట్టిగా పళ్ళు కొరికానో, మా తోటికోడలు నా భుజం మీది చెయ్యి తీసేసింది.

ఆ పూట నేను పొయ్యి వెలిగించలేదు. మా ఆయన గుమ్మంలో నిలబడి, ఇనుప నాగలి ఉంటే దిబ్బ కూడా బంగారమైపోతుందని నాకు నచ్చజెప్పబోయాడు. ఇసకని తిరగేస్తే ఇసకే వస్తుందని చెప్పాను. పక్కింట్లో తినేసి వచ్చాడు.

దిబ్బ తోటలో ఆ నాగలి చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి. మావి చిన్న ఎడ్లు. ఇసకలో రెక్క కూరుకుపోతే లాగలేక నురగలు కక్కాయి. లాగిన చోటల్లా కొబ్బరి వేళ్ళు తెగి తాళ్ళలా పైకి లేచాయి. రెండు రోజులు కిందా మీదా పడి, మూడో రోజు దాన్ని పశువుల సావిట్లో గోడకు చేరేశాడు. తుమ్మ దుంగ ఒకటి చెక్కించి మళ్ళీ కర్ర నాగలే చేయించుకున్నాడు. ఇనుప నాగలి రెక్క మీద కోళ్ళు కూర్చునేవి. నేను వాటిని తోలేదాన్ని కాదు.

రెండు ఇళ్ళకీ మధ్య కొబ్బరి మట్టల దడి కట్టారు. మా పెరట్లో నిలబడితే దడి మీదుగా నూతి మడి కనబడేది. మొదటి ఏడాది అది ఎప్పుడూ లేనంతగా పండింది. నేను వేసిన పెంట అప్పటికి బాగా చివికి ఉంది మరి. బావగారు నూతి గట్టు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ నా మడి, నా మడి అని చూపించేవాడు. ఆ మాట వినబడ్డప్పుడల్లా నాకు చెవిలో సీసం పోసినట్టుండేది. మా తోటికోడలు ఒకసారి గంపెడు వంకాయలు పంపింది. గంప దించకుండానే తిప్పి పంపాను. ఆమె మంచిదే. మంచిదయినా సరే, నా వంకాయలు నాకు దానం చేస్తే తీసుకుంటానా?

బాగా పండేసరికి బావగారికి కొత్త ఆశ పుట్టింది. కర్ర నాగలితో పైన గోకితేనే ఇంత పండింది, లోతుగా దున్ని తిరగేస్తే ఎంత పండాలి అని. మడి మొత్తం పసుపు వేసి కోటబొమ్మాళి సంతకు బండెక్కించాలని లెక్కలు కట్టాడు. కిందిదాకా ఒకటే మట్టి అనుకున్నాడు. అనుకోడూ మరి? ఒక్క తట్ట మోసిన పాపాన పోయాడా? ఇనుప నాగలి తమ్ముడి దగ్గరుంటే తన దగ్గరున్నట్టేనని వాటాల నాడే అనుకుని ఉంటాడు. కల్లు దగ్గర ఇద్దరూ కూర్చున్నప్పుడు అడిగాడట. గోడకు చేరేసిన నాగలికి విలువ వచ్చిందని సంబరపడి మా ఆయన వెంటనే ఇస్తానన్నాడు. నాకు చెప్పలేదు. చెబితే ఏమవుతుందో తెలుసు.

నాకు తెలిసింది మర్నాడు పొద్దున్న, దడి అవతల ఎడ్ల మువ్వలు వినబడ్డప్పుడు. తొంగి చూస్తే ఇనుప నాగలి మడి మొదట్లో ఉంది. బావగారు మేడి పట్టుకున్నాడు. మా ఆయన పక్కన నిలబడి రెక్క సరిచేస్తున్నాడు.

మాలో తమ్ముడి భార్య బావగారికి ఎదురుపడి మాట్లాడదు. ఆ ఇంట్లో అన్నేళ్ళూ ఆయనకు ఏం చెప్పాలన్నా గోడకు చెప్పినట్టో, పిల్లలకు చెప్పినట్టో చెప్పేదాన్ని. ఆ పొద్దు దడి పీకి అవతల పడేసి వెళ్ళి ఎడ్ల ముందు నిలబడ్డాను. ఆయన మీద ప్రేమతో కాదు. ఆయన అన్నం మానేసి అలమటించినా నాకు చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. ఆ మడి పాడవడం నేను చూడలేను, అంతే.

"బావా, ఈ నాగలొద్దు," అన్నాను. "పైన బెత్తెడే మట్టి. అది నాను మోసి ఏసిందే. దాని కిందంతా ఇసకే. తిరగేసినావంటే మళ్ళీ రాదు."

ఆయన నా ముఖం చూడలేదు. తమ్ముడి వైపు తిరిగి నవ్వాడు.

"నీ ఆడదాన్ని ఇంట్లోకి తోల్కెల్లరా తమ్ముడా. పోయిన మడి మీద దీనికి ఏడుపు సావనేదు. ఇంకా పండుతాదేమోనని కడుపుమంట."

పండితే నీకే కదా, నాకేం వస్తుంది, నా మట్టి పాడైపోతుందని చెబుతున్నానని అన్నాను. ఆ మాటకు ఆయన ముఖంలో నవ్వు పోయింది. నేను కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో మొదటిసారి సూటిగా నా కళ్ళలోకి చూశాడు.

"వాటాలైపోనాక నీ మట్టేటి?"

మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని లాగాడు. విదిలించుకున్నాను. కానీ ఎడ్ల ముందునుంచి తప్పుకోక తప్పలేదు. బావగారు అదిలిస్తే అవి మీదికి వచ్చేశాయి. మడి గట్టు మీదికి ఎక్కి అక్కడే నిలబడ్డాను.

మొదటి చాలు. నల్లమట్టి కోసుకుని రెక్క మీదికి ఎక్కింది. ఎక్కి, తిరిగి, బోర్లా పడింది. దాని మీద కింది ఇసక వచ్చి పరుచుకుంది, తెల్లగా, నేను కాపురానికి వచ్చిన రోజు ఎలా ఉందో అలాగే. చేప ఎముకలు కొన్ని పైకి తేలి మెరిశాయి. చాలు చివర బావగారు ఎడ్లను ఆపాడు. వంగి చూశాడు. కాలి బొటనవేలితో ఇసకను కదిపాడు. ఆయన చూశాడు. చూడలేదని తర్వాత ఎంతమందికి చెప్పుకున్నా, చూశాడని నాకు తెలుసు. తల ఎత్తి గట్టు మీద ఉన్న నన్ను చూశాడు. చూసి, ఎడ్లను తిప్పి, ములుగర్రతో పొడిచి రెండో చాలు వేశాడు. మూడోది వేశాడు. ఆగలేదు. మడి అంతా దున్ని, అడ్డం కూడా దున్నాడు.

నేను అక్కడ నిలబడి చూడబట్టే అన్న ఆగలేకపోయాడని మా ఆయన చాలాకాలం అనేవాడు. నేను ఇంట్లోకి వెళ్ళిపోయి ఉంటే మొదటి చాలుతోనే మానేసేవాడట. ఆ మాట నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. నాగలి మేడి ఆయన చేతిలో ఉంది. నా చేతిలో లేదు.

పసుపు కొమ్ములు పెట్టారు. వానలు పడ్డాయి. పడ్డ నీళ్ళు పడ్డట్టే దిగిపోయాయి. మొలిచినవి ఎండకి సొమ్మసిల్లి పడిపోయాయి. ఏతం పొద్దస్తమానం తొక్కించినా నిలబడలేదు. గాలికాలం వచ్చేసరికి ఆ ఇసకే లేచి వాళ్ళ వంటింట్లోకి కొట్టడం మొదలుపెట్టింది. నాకు సంతోషం కలగాలి. కలుగుతుందనే అనుకున్నాను. దడి దగ్గరికి వెళ్ళి చూసినప్పుడల్లా ఏడుపు వచ్చేది, వెంటనే ఆ ఏడుపు మీద కోపం వచ్చేది. కొన్నాళ్ళకు దడి మీద కొబ్బరి మట్టలు ఇంకో వరస కట్టి, కనబడకుండా చేసుకున్నాను.

ఊరు ఊరుకోదు కదా. బంగారం పండిన మడి ఒక్క ఏడాదిలో ఎందుకు చచ్చిందని అడిగినవాళ్ళకి బావగారు ఏదో ఒకటి చెప్పాలి. నాగలి మీద చెబితే తెచ్చినవాడు ఆయనే. దున్నిన తీరు మీద చెబితే దున్నినవాడు ఆయనే. అందుకని నా మీద చెప్పాడు. ఎడ్లకు అడ్డం నిలబడి, తిరగేస్తే మళ్ళీ రాదు అని నోరారా అనేసిందట. అన్నట్టే రాలేదట. నేను చెప్పిన మాటే. ఒక్క అక్షరం మార్చలేదు. జాగ్రత్త చెప్పిన మాట ఊరి చివరికి వెళ్ళేసరికి శాపనార్థం అయింది. మా అత్తగారు తలాడిస్తూ, దాని నోరు మొదటినుంచీ అలాంటిదేనంది.

అక్కడినుంచి మొదలైంది. ఏరువాక నాడు నేను దారిన వస్తుంటే ఎడ్లు కట్టినవాళ్ళు ఆగి, నేను దాటిపోయాక గాని కదిలేవాళ్ళు కాదు. పసిపిల్లల తల్లులు కొంగు కప్పేసేవాళ్ళు. కడుపుతో ఉన్నప్పుడు కూడా చేపల తలకాయలు ఏరుకున్న ఆ రేవులోనే, నన్ను చూసి గంపల మీద ఆకులు మూసేవాళ్ళు. నా ముందు ఎవరూ ఏమీ అనరు. అంటే నా నోరు ఎలాంటిదో అన్న భయం. దానికి తగ్గట్టు నేనూ ఎవరికీ లొంగలేదు. భయపడేవాళ్ళని చూస్తే ఇంకా గట్టిగా మాట్లాడేదాన్ని.

మా ఆయన ఒక్కసారి నోరు తెరిచి, అదంతా మా ఆడది మోసిన ఒండ్రే, కింద ఇసకేనని నలుగురిలో చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. చెబితే, మరి అలాంటి మడిని వదిలి నాగలి ఎందుకు కోరుకున్నావని అడుగుతారు. నన్ను మంత్రగత్తెలా చూసినా ఆయనకు పర్వాలేదు, తనను తెలివితక్కువవాడు అనకూడదు. దీని మీద మేం ఎన్నో పోట్లాటలు ఆడాం. ఆయన పోయేదాకా ఆడుతూనే ఉన్నాం.

ఆ తర్వాతి వేసవిలో ఒక పొద్దున్న మా తోటికోడలు వచ్చింది. ఆ ఇంటినుంచి ఎవరూ గడప తొక్కి ఏడాది దాటింది. నేను ముంగిట్లో ధాన్యం చెరుగుతున్నాను. లేచి ఎదురుగా నిలబడ్డాను. కూర్చోమనలేదు. ఆమె పిల్లల గురించి అడిగింది, మా ఆవు గురించి అడిగింది, ఎండల గురించి మాట్లాడింది. మాట్లాడుతూ మాట్లాడుతూ నా కాళ్ళ వైపు చూస్తోంది. చివరికి దాహం వేస్తోంది మజ్జిగ ఇమ్మంది. శత్రువు ఇంటివాళ్ళయినా దాహమన్నప్పుడు లేదనకూడదు. లోపలికి వెళ్ళాను.

చెంబుతో గుమ్మంలోకి వచ్చేసరికి ఆమె నేల మీద వంగి ఉంది. నేను అప్పటిదాకా నిలబడ్డ చోట, నా అడుగులు పడ్డ చోట, వేళ్ళతో మట్టి గీరి కొంగులో వేసుకుంటోంది.

ఎవరి కన్నో నోరో తగిలిందనుకుంటే, వాళ్ళ కాలి కింది మట్టి వాళ్ళకు తెలియకుండా తెచ్చి, ఉప్పూ ఎండుమిరపకాయలతో తిప్పి దిష్టి తీయడం మా వైపు మామూలే. పసిపిల్లలకు తీస్తారు, పాలు చేపని ఆవుకు తీస్తారు. మడికి తియ్యడం మాత్రం నేను అదే చూడడం.

"ఏటి తీత్తన్నావప్పా?" అన్నాను.

ఆమె ఉలిక్కిపడి లేచింది. కొంగు వెనక్కి దాచుకుంది. అబద్ధం చెప్పలేని మనిషి. ముఖం దించుకునే చెప్పింది.

"నీ కాలి మట్టి సెల్లీ. మడికి తియ్యమన్నారు. పిడికెడు సాలన్నారు."

అన్ని వేసవులు నేను గెడ్డ నుంచి ఆ మడికి నడిచిన దారి ఈమె చూసింది. నెత్తి మీద తట్ట దించుకోలేక నేను అవస్థ పడుతుంటే ఒకటి రెండుసార్లు చెయ్యి కూడా వేసింది. అవన్నీ ఆమెకు తెలుసు. అయినా కొంగులో నా కాలి మట్టి ముడి వేసుకుని నిలబడి ఉంది.

"పిడికెడేటప్పా," అన్నాను. "తట్ట అట్టుకురా. నాను నెత్తిన ఎట్టుకుని మోసినప్పుడు పిడికెళ్ళతో మోసినానేటి?"

ఆమె కళ్ళ నీళ్ళు పెట్టుకుందో లేదో నేను చూడలేదు, చూడాలనుకోలేదు. మజ్జిగ తాగలేదు. కొంగు ముడి బిగించుకుని దడి సందులోంచి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం అవతల ఎండుమిరపకాయలు కాలుతున్న వాసన వచ్చింది.

ఆ మడికి నేనిచ్చిన మట్టి గురించి ఎప్పుడు మాట వచ్చినా ఊళ్ళో చెప్పుకునేది ఆ పిడికెడు గురించే.